మేడ మీది సోలార్ హీటరు గారికి గ్రౌండ్ ఫ్లోరు నమస్కారాలు

మహారాజశ్రీ సోలార్ వాటర్ హీటరు గారి సముఖమునకు, బెంగుళూరు శివారులోని ఓ చిన్న ప్రైవేటు యూనివర్సిటీ బాలుర హాస్టల్, గ్రౌండ్ ఫ్లోరు వాసులు చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

తమరు ఉండేది మా నెత్తి మీదే అయినా ఉత్తరం రాయక తప్పడం లేదు. టెర్రస్ తలుపుకి తాళం. తాళంచెవి వార్డెన్ గారి దగ్గర, వార్డెన్ గారు అడ్మిన్ బ్లాకులో, అడ్మిన్ బ్లాకు మీటింగులో. పైగా మా బాత్రూముల్లో ఎర్ర చుక్క కుళాయి, నీలి చుక్క కుళాయి అని రెండున్నా రెండింట్లోంచీ అవే చన్నీళ్ళు వస్తాయి కనుక, తమరు అసలున్నారా అని జూనియర్లకు అనుమానం. అద్వైతం మీద ఎలెక్టివ్ కోర్సు లేని లోటు ఆ రెండు కుళాయిలూ తీరుస్తున్నాయి.

తమరి శక్తి మీద మాకు మాత్రం అనుమానం లేదు. ఐదు వందల లీటర్ల ట్యాంకులు నాలుగు, వంద లీటర్లకు పదిహేను చొప్పున గాజు గొట్టాలు మూడు వందలు. ఒక్కో గొట్టం నిజానికి ఒకదాంట్లో ఒకటి దూర్చిన రెండు గొట్టాలు. మధ్యలో గాలి తీసేసిన ఖాళీ, లోపలి గొట్టం మీద ఎండను పీల్చే నల్ల పూత. మోటారు అక్కర్లేదు. వేడెక్కిన నీళ్ళు తేలికై ట్యాంకులోకి ఎక్కుతాయి, చల్లనివి బరువుగా గొట్టాల్లోకి దిగుతాయి. ఎండ బాగా కాస్తే సాయంత్రానికి 60 డిగ్రీలు.

మెకానికల్ వాళ్ళు లెక్క కూడా కట్టారు. హాస్టల్లో 240 మంది. పొద్దున నీళ్ళు 22 డిగ్రీలుంటాయనుకుంటే, ఒంటికి హాయిగా తగిలే 40 డిగ్రీల ఇరవై లీటర్ల బకెట్టుకు తమరి నీళ్ళు తొమ్మిదిన్నర లీటర్లు చాలు. రెండు వేల లీటర్లు 210 మందికి తలా ఒక బకెట్టు. మిగతా ముప్పై మంది ఎలాగూ పొద్దున్నే స్నానం చేసే బాపతు కాదు. కాగితం మీద తమరు డిస్టింక్షన్.

మరి కిందికి ఎందుకు రావడం లేదంటే, పైపు. అంగుళం పైపులో మీటరుకు దాదాపు అరలీటరు నీళ్ళు నిలుస్తాయి. టెర్రస్ నుంచి దిగడానికి పదిహేను మీటర్లు, అక్కణ్ణుంచి కారిడారు చివరి బాత్రూము దాకా ముప్పై మీటర్లు. వెరసి 22 లీటర్లు. రాత్రంతా చల్లారిన ఆ 22 లీటర్లు పారబోస్తే గానీ తమరి దర్శనం కాదు. బకెట్టు నిండాక కూడా చన్నీళ్ళే వస్తుంటే విసుగుపుట్టి, అవే పోసుకుని, ఎనిమిదింటి క్లాసుకు పరిగెత్తేవాళ్ళే ఎక్కువ. అప్పటికి వేన్నీళ్ళు మా కారిడారు సగం దాటి వచ్చి ఉంటాయి. అక్కడే ఆగి, తర్వాతివాడు కుళాయి తిప్పేలోగా మళ్ళీ చల్లారతాయి. 2024 వేసవిలో బోర్లు ఎండి, 12 వేల లీటర్ల ట్యాంకరుకు ఐదు కిలోమీటర్ల లోపైతే వెయ్యి రూపాయలని బెంగుళూరు జిల్లా అధికారులు ధర కట్టాల్సి వచ్చిన రోజుల్లో కూడా ఈ నైవేద్యం ఆగలేదు.

దీనికి మందు ఎప్పుడో ఉంది. వేడి పైపును చివరి బాత్రూములో మొండిగా ఆపేయకుండా తిప్పి మళ్ళీ ట్యాంకుకు కలపాలి. దారిలో చిన్న సర్క్యులేషన్ పంపు, దానికో టైమరు. పొద్దున ఐదున్నరకు పంపు కాసేపు తిరిగితే వేడి గుమ్మం దాకా వచ్చి నిలబడుతుంది. పైపు మీద నల్ల ఫోమ్ తొడుగు వేశారు, కాదనం. కానీ ఎండకు ఆ ఫోమ్ నిలవదు, పైన అల్యూమినియం రేకు చుట్టాలి. చుట్టలేదు. పొడిపొడిగా రాలింది రాలగా మిగిలింది కోతులు పీకాయి. వాటికి మాత్రం చలి వెయ్యదా?

ఇంకో దొంగ బాత్రూముల్లోనే ఉన్నాడు. గోడ మిక్సరులో వేడి, చల్ల రెండు తిప్పుళ్ళూ తెరిచి ఉంచి, షవరు దగ్గర మాత్రం కట్టేసి వెళ్ళిపోతారు కొందరు. తమరి లైన్లో కన్నా చన్నీళ్ళ లైన్లో ఒత్తిడి ఎక్కువ. కనుక చన్నీళ్ళు ఆ మిక్సరు గుండా వేడి పైపులోకి చొరబడి, ఆ వరసలో ఉన్న అందరి ఎర్ర చుక్కల్లోంచీ దిగుతాయి. ఎవరికి వాళ్ళు తమర్నే తిట్టుకుంటారు. ఇంత గొడవకూ విరుగుడు మిక్సరుకు ముందు, నీళ్ళను వెనక్కి పోనివ్వని ఒక నాన్ రిటర్న్ వాల్వు. అది పెట్టే లోపు చేయగలిగింది ఒకటే: స్నానమయ్యాక రెండు తిప్పుళ్ళూ కట్టేయడం.

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు అంటారు గానీ తమరి కొంప ముంచేది ఆ తోడే. రాత్రి పదకొండింటికి జీన్సు ప్యాంట్లు వేన్నీళ్ళతో ఉతికే మహానుభావులు పై అంతస్తుల్లో ఉన్నారు. తీసిన ప్రతి లీటరుకూ ఒక లీటరు చన్నీళ్ళు ట్యాంకు అడుగున చేరతాయి. సగం ట్యాంకు అలా ఖర్చయి తెల్లారేలోగా అంతా కలిసిపోతే 60 కాస్తా 41 అవుతుంది. ఇక అందులో చన్నీళ్ళు కలుపుకునే యోగం ఎవరికీ ఉండదు. తెలిసినవాళ్ళు సాయంత్రం ఐదింటికే స్నానం కానిచ్చేస్తారు, తమరు నిండుగా ఉండే వేళ అది. మార్చి సాయంత్రాల్లో అయితే బకెట్టులో ముందు చన్నీళ్ళు పట్టి ఆ తర్వాతే తమర్ని వదలాలి, లేకపోతే చర్మం ఊడుతుంది.

అసలు తమరికీ మాకూ జాతకాలే కలవవు. తమరు సలసలా కాగే ఏప్రిల్, మే నెలల్లో మేం సెలవులకు అనంతపురం, నెల్లూరు పోతాం. మేం ఆగస్టులో తిరిగొచ్చేసరికి బెంగుళూరు మీద మబ్బు పరుచుకుని ఉంటుంది, సెప్టెంబరు, అక్టోబరు వానలు సరేసరి. ఎండ ఉన్నప్పుడు మేముండం, మేమున్నప్పుడు ఎండ ఉండదు. కార్తీకంలో తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేసిన పుణ్యం మాత్రం అడక్కుండానే జమవుతోంది.

ఈ మధ్య టెర్రస్ దక్షిణపు పిట్టగోడ మీద యూనివర్సిటీ పేరు పది అడుగుల అక్షరాలతో వెలసింది. రాత్రి హైవే మీదికి కూడా కనిపిస్తుందట. బెంగుళూరులో ఏటా ఏప్రిల్ 24 దగ్గరా, ఆగస్టు 18 దగ్గరా సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నీడలేని రోజని పిల్లలు ఎండలో కర్రలు పాతి చూస్తారు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు కాబట్టి పేరు వల్ల తమరికొచ్చే బాధ లేదు. ఆగస్టు 18 దాటాక దక్షిణానికి జరుగుతాడు. డిసెంబరు ఆఖరుకు మధ్యాహ్నం కూడా 54 డిగ్రీల ఎత్తుకు మించడు, పది అడుగుల అక్షరం ఏడడుగుల పైచిలుకు నీడ పరుస్తుంది. పొద్దునా సాయంత్రం ఇంకా పొడుగు. అంటే సెలవుల్లో నీడ లేదు, సెమిస్టరు మొదలవగానే వచ్చేస్తుంది. విద్యాసంవత్సరాన్ని ఇంత నిక్కచ్చిగా పాటించేది క్యాంపసులో ఇంకేదీ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు.

తమరి ఆరోగ్యం సంగతి. బోరు నీళ్ళలోని సున్నం వేడికి విడిపోయి గొట్టాల అడుగున, ట్యాంకులోని కరెంటు కాయిలు మీద తెల్లగా పేరుకుంటోంది. నీళ్ళు మెత్తబరిచే సాఫ్ట్‌నర్ కొన్నారు, దానికి ఉప్పు కొనడం మరిచారు. లోపలున్న రెజిన్ గుళికలకు లీటరుకు వంద గ్రాములకు పైగా ఉప్పు పట్టించి కడుగుతుంటేనే అది పని చేస్తుంది. లేకపోతే ఊరికే ఓ నీలం డ్రమ్ము. గొట్టం కింది కొన వెండిలా మెరుస్తుంటే లోపలి ఖాళీ భద్రంగా ఉన్నట్టు. పాలలా తెల్లబడితే గాలి దూరినట్టు, ఆ గొట్టం ఇక వేడిని నిలపదు. కింది నుంచి ఫోను జూమ్ చేసి చూస్తే తమరి వరసలో తెల్లవి బాగానే కనిపిస్తున్నాయి.

సెలవుల్లో ఇంకో ప్రమాదం. నీళ్ళు కట్టేసి పోతే గొట్టాలు ఎండలో ఒట్టిగా మాడతాయి. మేం వచ్చే రోజు మధ్యాహ్నం హడావిడిగా వాల్వు తిప్పితే కాలిన గాజు మీద చన్నీళ్ళు పడి ఫట్టుమంటుంది. ఒక్క గొట్టం పగిలినా ఆ బెజ్జంలోంచి ట్యాంకులో నీళ్ళన్నీ పోతాయి. అప్పుడు ప్లంబరన్న వస్తాడు. హిందూపురం కుర్రాళ్ళు తమకొచ్చిన కన్నడంలో "బిసి నీరు బర్తా ఇల్ల అణ్ణా" (వేన్నీళ్ళు రావట్లేదన్నా) అంటారు. ఆయన "నాళె" (రేపు) అంటాడు. ఆ నాళె ఇంకా రాలేదు.

తమరు ఠీవిగా వెలిగే రోజులు లేకపోలేదు. యూనివర్సిటీల నాణ్యత తనిఖీ చేసే నాక్ వాళ్ళ లెక్కల్లో సౌరశక్తికి చోటుంది, అక్షాంశ రేఖాంశాలు ముద్రపడిన ఫొటో జత చేయాలి. వాళ్ళొచ్చే వారం గొట్టాలు తుడుస్తారు, కోతుల్ని తరుముతారు, అన్నిటికీ మించి బ్యాకప్ కాయిలు ఆన్ చేస్తారు. మామూలు రోజుల్లో దాని స్విచ్చు ఉన్న పెట్టెకు తాళం, కరెంటు ఆదా కోసమట. ఎండే లేని రోజున రెండు వేల లీటర్లను 22 నుంచి 60కి తేవడానికి 88 యూనిట్లు కావాలి. అవి మిగిల్చారు కదా అని సంతోషిద్దామంటే, కింద గదుల్లో మంచాల కింద రాడ్డు హీటర్లు. బకెట్టుకు 0.42 యూనిట్లు, 240 మందీ పెడితే వంద. పైన ఆదా అయినదానికి పన్నెండు యూనిట్లు కలిపి కింద ఖర్చు. పదిహేను వందల వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, గది సాకెట్టు ఆరింటికి చేసింది. నల్లబడ్డ సాకెట్లు ప్రతి గదిలోనూ ఉన్నాయి. స్విచ్ తీయకుండా నీళ్ళు కాగాయా అని వేలు పెట్టి చూసేవాళ్ళూ ఉన్నారు, అదే మా అసలు భయం. దొరికితే రాడ్డు జప్తు, పైన జరిమానా. జప్తు చేసిన రాడ్లు వార్డెన్ ఆఫీసులో కట్టగా ఉన్నాయి. ఆ కట్ట మొత్తం ఒకేసారి పెడితే తమరి నాలుగు ట్యాంకులూ గంటలో కాగుతాయేమో!

కాబట్టి తమరిని కోరేదేమంటే, పై వాళ్ళతో తమకు దగ్గరి వాసం కనుక, ఈ నాలుగు ముక్కలు వాళ్ళ చెవిన వేయండి. ఏడాదికోసారి, సెలవుల చివర, పొద్దుగుంకాక, చన్నీళ్ళ వాల్వు కట్టేసి ట్యాంకు ఖాళీ చేయించాలి. గొట్టాన్ని లాగి పెరకకుండా మెల్లగా తిప్పుతూ ఊడదీయాలి. అడుగున పేరుకున్న బురద వంపేసి, పది లీటర్ల నీళ్ళకు కిలో సిట్రిక్ యాసిడ్ కలిపి గొట్టాల్లో పోసి రాత్రంతా ఉంచాలి. కడిగాక రబ్బరు వాషర్లకు సబ్బునీళ్ళు రాసి బిగించి, ఎండ పొడవక ముందే ట్యాంకు నింపాలి. ఆ అక్షరాల్ని ఉత్తరపు గోడకు మార్చడం ఎలాగూ జరగదు, హైవే దక్షిణాన ఉంది. పోనీ ఒక అడుగు పొట్టి చేయమనండి.

ఇట్లు,
గ్రౌండ్ ఫ్లోరు, కారిడారు చివరి బాత్రూము వరస

తా.క. నాక్ వాళ్ళొచ్చే తేదీ తమరికి ముందే తెలిస్తే చెప్పండి. తలంటు ఆ రోజుకు పెట్టుకుంటాం.