మెల్‌బోర్న్ వెళ్లని రాబ్రన్

ఆస్ట్రేలియాకే ప్రత్యేకమైన ఫుట్‌బాల్‌లో గొప్ప ఆటగాళ్లను గౌరవించే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 2001లో దక్షిణ ఆస్ట్రేలియా ఆటగాడు బ్యారీ రాబ్రన్‌కు ‘లెజెండ్’ హోదా ఇచ్చింది. మెల్‌బోర్న్ కేంద్రంగా నడిచిన విక్టోరియా ఫుట్‌బాల్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఆ హోదా అందుకున్న మొదటి ఆటగాడు ఆయనే. ఈ సంగతి చెప్పేటప్పుడు చాలామంది ‘మెల్‌బోర్న్ వెళ్లి ఉంటే ఎంతటివాడయ్యేవాడో’ అని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పులోనే పొరపాటుందని నా అభిప్రాయం.

ఆ విక్టోరియా లీగే తర్వాత ఏఎఫ్‌ఎల్‌గా (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) మారింది కాబట్టి, అది మొదటి నుంచీ జాతీయ పోటీయేనన్న భావన స్థిరపడిపోయింది. నిజానికి రాబ్రన్ ఆడిన రోజుల్లో అందులో ఉన్నవి 12 క్లబ్బులు. జీలాంగ్‌ను మినహాయిస్తే మిగిలిన 11 మెల్‌బోర్న్ నగరానివే. అదీ ప్రాంతీయ లీగే, కాకపోతే డబ్బున్న లీగు. అలాగని దక్షిణ ఆస్ట్రేలియా లీగును చిన్నచూపు చూడటానికీ లేదు. 1976 ఫైనల్ చూడటానికి అడిలైడ్‌లోని ఫుట్‌బాల్ పార్కుకు 66,897 మంది వచ్చారు.

ఉక్కు కర్మాగారం, ఓడల తయారీతో బతికిన వయాలా పట్టణంలో పుట్టిన రాబ్రన్, 1967లో దక్షిణ ఆస్ట్రేలియా లీగు క్లబ్బు నార్త్ అడిలైడ్ తరఫున బరిలోకి దిగి, ఆ లీగులో ఉత్తమ ఆటగాడికి అంపైర్ల ఓట్లతో ఇచ్చే మగేరీ పతకాన్ని 1968, 1970, 1973లలో గెలుచుకున్నారు. మన రంజీ ట్రోఫీ వంటి షెఫీల్డ్ షీల్డ్‌లో క్రికెట్ కూడా ఆడారు.

1972లో, రెండు లీగుల విజేతలు అడిలైడ్ ఓవల్‌లో తలపడ్డారు. ఈ ఆటలో ఎత్తైన రెండు స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నితే గోల్, 6 పాయింట్లు. ఆ స్తంభాలకూ, వాటికి ఇరుపక్కలా ఉండే పొట్టి స్తంభాలకూ మధ్య నుంచి వెళితే బిహైండ్, 1 పాయింటు. ఆ రోజు నార్త్ అడిలైడ్, విక్టోరియా లీగు విజేత కార్ల్‌టన్ చెరి 10 గోల్స్ చేశాయి. బిహైండ్లు మాత్రం 13, 12. స్కోరు 73–72, గెలుపు నార్త్ అడిలైడ్‌ది. అంటే గెలుపును తేల్చింది గురి తప్పిన ఒక్క తన్ను! ఒక్క మ్యాచ్‌తో రెండు లీగులూ సమానమని తీర్మానించలేం గానీ, రాబ్రన్ గొప్పతనమంతా బలహీన ప్రత్యర్థుల చలవేననే వాదన మాత్రం దీని ముందు నిలవదు.

రాష్ట్రాల మధ్య జరిగే పోటీల్లో విక్టోరియాదే పైచేయి కదా అని అడగవచ్చు. అప్పట్లో ఆటగాడు ఏ లీగులో ఆడుతుంటే ఆ రాష్ట్రానికే ఎంపికయ్యేవాడు, అందువల్ల ఇతర రాష్ట్రాల నుంచి డబ్బిచ్చి తెచ్చుకున్నవారు కూడా విక్టోరియా చొక్కాతోనే ఆడేవారు. సొంత రాష్ట్రానికే ఆడాలన్న నిబంధన 1977లో వచ్చింది. దాని కింద జరిగిన తొలి మ్యాచ్‌లోనే పశ్చిమ ఆస్ట్రేలియా 94 పాయింట్ల తేడాతో విక్టోరియాను ఓడించింది.

రాబ్రన్‌కు ఆ మార్పు ఆలస్యంగా వచ్చినట్టే. 1974లో సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో, విక్టోరియా మీద ఆడుతూనే, బంతి కోసం గాలిలోకి ఎగిరి కిందపడినప్పుడు ఆయన మోకాలు దెబ్బతింది. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. తిరిగి వచ్చి 1980 వరకు ఆడినా, హాల్ ఆఫ్ ఫేమ్ గుర్తించిన ఆట దాదాపు మొత్తం ఆ గాయానికి ముందు ఆడినదే.