యాభైలో సగం ఎక్కడికి పోయింది?

మొన్న తెలిసినాయన ఒక క్లిప్ పంపారు. పాత టేపులోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నారట. "ఎంత క్లీన్‌గా వచ్చిందో చూడండి" అన్నారు. ఊయల ఊగుతున్న పిల్ల. పాజ్ చేసి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూశాను. ఆ పిల్లకి నాలుగు చేతులున్నాయి. ఊయల తాళ్ళు కూడా నాలుగే, అన్నీ సగం వెలిసిపోయి.

ఇలాంటి పాత టేపుల్లో ఉండేది ఇంటర్‌లేస్డ్ వీడియో, అంటే ఒక్కో బొమ్మనీ రెండు సగాలుగా తీసింది. ఆ సగాలను ఒకదాంట్లో ఒకటి కలిపేసి (బ్లెండ్ చేసి), సెకనుకు 25 నిండు బొమ్మలుగా, అంటే ప్రోగ్రెసివ్‌గా మార్చేస్తే వచ్చేది ఇదే. దీన్ని క్లీన్ అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు చాలామంది ఎక్కడ పొరబడుతున్నారంటే, పాల్ (PAL, మన దేశంలో వాడిన పాత టీవీ పద్ధతి) టేపులో "సెకనుకు 25 ఫ్రేములు" అని ఉంటుంది కదా, 25 బొమ్మలే ఉన్నాయనుకుంటారు. కాదు. ఒక్కో ఫ్రేములో 576 గీతలుంటాయి. కెమెరా వాటిని ఒకేసారి తీయలేదు. గీత విడిచి గీత చొప్పున ముందు 288 తీసింది, సెకనులో యాభయ్యో వంతు గడిచాక మిగతా 288 తీసింది. ఒక్కో సగాన్ని ఫీల్డ్ అంటారు. ఈ రెండు సగాల మధ్యలో ఊయల కదిలిపోయింది. అంటే ఆ టేపులో సెకనుకు యాభై వేరువేరు క్షణాలున్నాయి. అమెరికా వాళ్ళ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ (NTSC) అయితే 480 గీతలు, 59.94 ఫీల్డులు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఈ ఫీల్డులను ఒకదాని తర్వాత ఒకటి చూపించేది కాబట్టే కదలిక అంత నున్నగా ఉండేది.

కంప్యూటర్ తెర అలా కాదు, బొమ్మ మొత్తం ఒకేసారి వేస్తుంది. రెండు వేరే క్షణాలను కలిపి కుట్టేసరికి కదిలే వస్తువుల అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు లేస్తాయి. జనం ఆ పళ్ళను చూసి కంగారుపడి, కనిపించిన డీఇంటర్‌లేస్ (ఫీల్డులను నిండు ఫ్రేములుగా మార్చే) బటన్ నొక్కేస్తారు. పళ్ళు పోతాయి. వాటితోపాటు కదలికలో సగం కూడా పోతుంది.

సరైన పని ఒక్కటే: 50 ఫీల్డులున్న వీడియోని 50 ఫ్రేములుగా మార్చడం. ఫీల్డుకొక ఫ్రేము. ఎఫ్ఎఫ్ఎంపెగ్ (ffmpeg) అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ చేసే యాడిఫ్ (yadif) ఫిల్టర్ పక్కన ఏమీ రాయకపోతే ఫ్రేముకి ఒక ఫ్రేమే ఇస్తుంది, పక్కన 1 అని రాస్తే ఫీల్డుకొకటి ఇస్తుంది. ఒక్క అంకె తేడా! అందులోనే ఉన్న ఇంకో ఫిల్టర్ బీడబ్ల్యూడిఫ్ (bwdif) అయితే ఏమీ చెప్పకపోయినా ఫీల్డుకొకటే ఇస్తుంది, అందుకే కొత్తవాళ్ళకి అదే చెప్తాను. ఓపికుంటే క్యూటీజీఎంసీ (QTGMC) అనే ఇంకో డీఇంటర్‌లేసర్. ముందు వెనక ఫీల్డుల్లో ఏది ఎటు కదిలిందో లెక్కగట్టి లేని గీతలను నింపుతుంది. పని మాత్రం నత్తనడక, రాత్రి పెట్టి పడుకోవాల్సిందే. మరీ నెమ్మది సెట్టింగుల్లో బొమ్మని కాస్త ఎక్కువే నున్నగా చేస్తుందని నా అభిప్రాయం.

"25 అయితే సినిమా లుక్ వస్తుంది కదా" అనేవాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు. సినిమా తీసేవాళ్ళు 24 ఫ్రేములకే అని ముందే లెక్కేసుకుని కెమెరాని తిప్పుతారు. చేత్తో పట్టుకుని పిల్లాడి వెంట పరిగెత్తుతూ తీసిన వీడియోకి ఆ లుక్ ఎక్కడిది? ఎగిరెగిరి పడుతుంది, అంతే.

ఇంకో రెండు ఘోరాలు. మొదటిది ఫీల్డుల వరస. డీవీ (DV, పాత డిజిటల్ కెమెరాల) టేపులో కింది ఫీల్డ్ ముందు, దాని హెచ్‌డీ రూపమైన హెచ్‌డీవీలో 1080ఐ (1080 గీతల ఇంటర్‌లేస్డ్) అయితే పైది ముందు. ఇది తలకిందులుగా పెడితే ఊయల మూడడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి పోతూ వణుకుతుంది. ఇది దిద్దుకోగలం. రెండోది దిద్దుకోలేం: డీఇంటర్‌లేస్ చేయకముందే బొమ్మ ఎత్తు తగ్గించేయడం. రెండు ఫీల్డుల గీతలూ ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి, ఇక ఏ సాఫ్ట్‌వేరూ వాటిని విడదీయలేదు.

ఒక మినహాయింపు కూడా చెప్పాలి, లేకపోతే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఫిల్మ్ మీద తీసిన సినిమాని ఎన్‌టీఎస్‌సీ టేపుకి ఎక్కించినప్పుడు ఒక ఫ్రేముని మూడు ఫీల్డులకి, తర్వాతి దాన్ని రెండు ఫీల్డులకి పరిచేవారు. అక్కడ డీఇంటర్‌లేస్ చేయడమే తప్పు. ఆ పరిచిన దాన్ని వెనక్కి మడిచి 23.976కి తెచ్చుకోవాలి, దాన్నే ఇన్వర్స్ టెలిసినీ అంటారు.

అప్‌లోడ్ చేసేవాళ్ళకి ఒక మాట. యూట్యూబ్ 720పీ కంటే చిన్న సైజులకి 50 ఫ్రేములు ఇవ్వదు. ఇంత కష్టపడి చేసిన 576 గీతల ఫైలు అలాగే ఎక్కిస్తే అక్కడ సగం కోసేస్తుంది. 4:3 వీడియో అయితే 1440 బై 1080కి పెంచి ఎక్కించండి.

ఇంత కోపం ఎందుకంటే, నేనూ ఇదే చేశాను కాబట్టి. డీవీ ఫైలు గంటకి దాదాపు 13 జీబీ. అప్పట్లో నా డిస్కులో అంత చోటెక్కడిది? బ్లెండ్ చేసి చిన్న ఫైలు చేసుకుని, అసలుది చెరిపేసి, టేపు మీద వేరేది రికార్డు చేసేశాను. ఇప్పుడు ఆ ఫైల్లో మా వాడు మెట్లమీద నుంచి దూకుతాడు. గాల్లో ఉన్నంతసేపూ ఇద్దరు. నేల మీద పడ్డాక మళ్ళీ ఒక్కడు.

అందుకే మొన్న ఆయనకి క్లిప్ గురించి ఏమీ అనకుండా ఒక్కటే అడిగాను, టేపు ఇంకా ఉందా అని. "ఎక్కడో ఉండాలి, వెతికి చెప్తా" అన్నారు. నాలుగు రోజులైంది. ఇంకా చెప్పలేదు.