సూపర్‌మేన్ మీద పెట్టుబడి, అప్ప మీద భారం

భోగాపురం ఎయిర్‌పోర్టు పక్కనే అంటూ ప్లాట్లు కొనడం ఇక ఆపేయండి. ఆ పక్కనే ఉన్న లేఅవుట్లు ఇప్పటికే చీపురుపల్లి దాకా పాకేశాయి, ఇంకో రెండేళ్ళు ఆగితే ఒడిశాలో కూడా రాళ్ళు పాతేస్తారు. బంగారం కొట్టు ముందు నుంచి నడవాలంటేనే టెన్షన్. చీటీల ఊసు నేనెత్తను, ఇది చదివేవాళ్ళలో చీటీ పాడుకున్నవాళ్ళూ ఉంటారు, చీటీ నడిపిన మనిషి రాత్రికి రాత్రి ఊరొదిలేస్తే తాళం కప్ప చూసి వచ్చినవాళ్ళూ ఉంటారు. కాబట్టి మన మధ్యతరగతికి మిగిలిన గౌరవప్రదమైన మార్గం ఒక్కటే: అమెరికావాళ్ళు నెలనెలా అచ్చేసే సూపర్‌హీరో కామిక్స్ కొనడం, చదవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టడం, మంచం కింద దాచడం.

నవ్వకండి. విజయనగరంలో మా మేనల్లుడు ఇప్పటికే ఈ వ్యాపారంలో ఉన్నాడు. కంటోన్మెంట్‌లో రెండు గదుల ఇల్లు, అందులో ఒక గది కామిక్స్‌ది, రెండో గది మిగతా కుటుంబానిది.

వాడి వాదన గట్టిదే. 1938లో సూపర్‌మేన్ మొదటిసారి కనబడిన యాక్షన్ కామిక్స్ ఒకటో నంబరు వెల పది సెంట్లు. అందులో ఒక కాపీ 2024లో వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది, మన లెక్కలో 50 కోట్లు. స్పైడర్‌మేన్ మొదటిసారి వచ్చిన 1962 నాటి పన్నెండు సెంట్ల పుస్తకం 2021లో 36 లక్షల డాలర్లకు పోయింది. ఈ లెక్కలు చెప్పేటప్పుడు మావాడి కళ్ళల్లో కనబడే భక్తి అరసవల్లిలో రథసప్తమి నాడు కూడా నేను చూడలేదు. "మావయ్యా, మనం 1938లో ఉండుంటే!" అంటాడు. 1938లో మా తాత చేతిలో పది సెంట్లు కాదు గదా పది కాణీలు కూడా ఉండేవి కావు, ఉన్నా వాటితో ఉప్పు కొనేవాడు.

వాడు చెప్పనిది ఇంకోటుంది. ఆ యాక్షన్ కామిక్స్ సుమారు రెండు లక్షలు అచ్చేస్తే ఇప్పుడు మిగిలినవి వందకి అటూ ఇటూ అని అంచనా. మిగతావన్నీ ఏమయ్యాయి? పిల్లలు చదివారు, చింపారు, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పాత కాగితాలు పోగుచేసే ఉద్యమానికి ఇచ్చేశారు, అన్నిటికీ మించి అమ్మలు ఇల్లు సర్దుతూ అవతల పారేశారు. అంటే ఆ 50 కోట్ల విలువ సృష్టించింది చిత్రకారుడూ కాదు, పబ్లిషరూ కాదు. చీపురు పట్టుకున్న లక్షమంది తల్లులు. ఆర్థికశాస్త్రంలో వీళ్ళ గురించి ఒక్క పాఠం కూడా లేకపోవడం అన్యాయం.

ఈ రహస్యం తెలియక 1990ల్లో అమెరికాలో జనం ఎగబడ్డారు. 1991లో ఎక్స్-మెన్ ఒకటో నంబరు వచ్చింది. లోపల కథ ఒక్కటే, అట్టలు మాత్రం ఐదు రకాలు. నాలుగు అట్టలు పక్కపక్కన పెడితే ఒక పెద్ద బొమ్మ అవుతుంది. ఆ పెద్ద బొమ్మ మొత్తం మడత అట్టగా ఐదోదాని మీద ఎలాగూ ఉంది, అయినా ఐదూ కొన్నారు. 80 లక్షల పైచిలుకు కాపీలు వెళ్ళాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ కలిపితే 50 లక్షల మంది. పలాసలో జీడిపప్పు బట్టీ దగ్గర కూర్చున్న అవ్వ నుంచి సాలూరు కొండమీద ఉయ్యాల్లో గుంట దాకా మనిషికొకటి పంచినా ఇంకా ముప్పై లక్షలు గోడౌన్లో మిగిలిపోతాయి. కొన్న ప్రతివాడూ దాచాడు, ఒక్క అమ్మ కూడా పారెయ్యలేదు. అందుకే ముప్పై ఏళ్ళు దాటినా అది ఇప్పటికీ కొద్ది డాలర్లకే దొరుకుతుంది.

తర్వాతి ఏడాది, 1992 నవంబరులో, సూపర్‌మేన్‌ని చంపేశారు. ఆ పుస్తకాన్ని నల్లటి సంచిలో సీలు చేసి, సంతాపంగా చేతికి కట్టుకోడానికి నల్ల పట్టీ ఒకటి లోపల పెట్టి మరీ అమ్మారు. జనం దుకాణాల ముందు క్యూ కట్టారు, కొన్నారు, సంచి విప్పితే విలువ పోతుందని విప్పలేదు. చావు కబురు కొనుక్కుని, ఆయన ఎలా పోయాడో కూడా చదవకుండా అటక మీద పెట్టేసిన సంతాపం ప్రపంచ చరిత్రలో ఇదొక్కటే అయుంటుంది. పైగా ఆయన సంవత్సరీకం పెట్టకముందే 1993లో తిరిగొచ్చేశాడు. కొన్నేళ్ళకి బుడగ పేలింది, కామిక్స్ కొట్లు వేలల్లో మూతపడ్డాయి, అప్పులు కూడా తోడై 1996 డిసెంబరులో స్పైడర్‌మేన్, ఎక్స్-మెన్ పుస్తకాలు వేసే మార్వెల్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. సూపర్‌హీరోలందరూ ఉండి కూడా ఆ రోజు ఎవడూ ఎగిరి రాలేదు.

మనకిది కొత్త కాదు. ఈము పక్షుల రోజులు గుర్తున్నవాళ్ళకి అసలే కొత్త కాదు. జత కొను, పిల్లలు పెట్టించు, ఆ పిల్లల్ని ఇంకోడికి జతగా అమ్ము. ఆ మాంసం ఎవడు తింటాడు అన్న ప్రశ్న చివరి వరసలో ఉన్న రైతుకి మాత్రమే వచ్చింది, అప్పటికి దాణా ఖర్చు పొలం మీదికొచ్చింది. కామిక్స్ అంతకంటే మేలని ఒప్పుకుంటాను, దాణా అడగవు, రాత్రిపూట కంచె దూకవు.

ఇప్పటి పద్ధతులు ఇంకా ముదిరాయి. వేరియంట్ కవర్ అని ఒకటుంది. కొట్టువాడు మామూలు కాపీలు వంద ఆర్డరు పెడితే ప్రత్యేకం అట్టతో ఒకటిస్తారు. ఆ వందా ఎవరికి అంటగట్టాలన్నది కొట్టువాడి ఖర్మ. ఏదో ఒక మూల ఒక్క గడిలో కనబడిన పాత్ర సినిమాలోకొస్తోందని పుకారు పుడితే చాలు, ఆ సంచిక రేటు ఆకాశానికంటుతుంది, సినిమా వచ్చి వెళ్ళాక చాలాసార్లు నేలకి దిగుతుంది. మావాడు ఎప్పుడూ దిగే ముందు రోజు కొంటాడు, అదొక ప్రతిభ.

ఇక గ్రేడింగ్. ఫ్లోరిడాలో సీజీసీ అని 2000 నుంచి ఒక కంపెనీ ఉంది, పుస్తకాన్ని పరీక్షించి పదికి మార్కులేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపిస్తుంది. ఒకరోజు మావాడు టేబుల్ లైటు కింద ఒక పుస్తకం పెట్టి, చేతికి గ్లవ్స్ వేసుకుని, నన్ను ఊపిరి బిగబట్టమని చెప్పి, పిన్ను పక్కన వెన్ను మీద చూపించాడు. భూతద్దంలోంచి చూస్తే రంగు కాస్త లేచి ఆవగింజలో సగం తెల్లటి గీత. "ఇదుంటే 9.8 రాదు మావయ్యా, 9.4కి దిగిపోద్ది, అంతే, పోయినట్టే." ఇంట్లో గోడకి నెర్రె వచ్చి ఏడాదైంది, దానికి ఇంత శ్రద్ధ ఎవరూ పెట్టలేదు. లోపల కథేట్రా అని అడిగాను. వాడు నన్ను చూసిన చూపు ఏమని చెప్పను, గర్భగుడిలో చెప్పులేసుకొచ్చినవాణ్ణి కూడా ఎవరూ అలా చూడరు.

వాతావరణం ఇంకో సమస్య. కాగితానికి పొడిగాలి కావాలి, మన తీరానికి ఉప్పు తేమ రాసిపెట్టి ఉంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మధ్యలో చెదలు. చెదపురుగుకి మొదటి సంచికా రెండో సంచికా అన్న తేడా లేదు, అది నిజమైన పాఠకురాలు, మొదటి పేజీ నుంచి చివరిదాకా పూర్తిచేస్తుంది. అందుకని మావాడు ఆ గదికి ఏసీ పెట్టించాడు. ఎండాకాలంలో వాడి తల్లి, మా అప్ప, వరండాలో తాటాకు విసనకర్రతో పడుకుంటుంది, లోపల బ్యాట్‌మేన్ చల్లగా ఉంటాడు.

ఈ కథలో మార్కెట్ నిజంగా అర్థమైన మనిషి మా అప్ప ఒక్కర్తే. "పాత పేపర్లోడు వస్తే తూకానికి పట్టుకెళిపోమంటాను" అని వారం వారం హెచ్చరిస్తుంది. మేనల్లుడికి అది బెదిరింపులాగ వినబడుతుంది, నాకు మాత్రం దూరదృష్టి. మన జిల్లాల్లో ఈ విద్యకి సాక్ష్యం కూడా ఉంది. వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టిన మనిషి. ఆయన చందమామకి వేసిన ముఖచిత్రాల్లో ఆ చీరల రంగులు, ఆ నడుం వంపులు చూస్తే ఇప్పటికీ గుండె ఆగుతుంది. ఆయన పుట్టిన ఊళ్ళోనే ఆ అట్టలు ఎన్ని స్కూలు పుస్తకాల మీదికెక్కాయో, ఎన్ని పేజీలు బఠాణీల పొట్లాలయ్యాయో. దాచుదామని ఎవరూ కొనలేదు, చదివారు, చింపారు, పొట్లం కట్టారు. అందుకే ఇవాళ మంచి కండిషన్లో ఉన్న పాత సంచిక కోసం తిరుగుతున్నవాళ్ళు ఉన్నారు. ఇది చెప్తే మావాడు "తెలుగువి కలెక్టర్లు కొనరు మావయ్యా" అని తేల్చేశాడు. ఈ ఒక్క మాటకి మాత్రం నాకు నిజంగానే కోపమొచ్చింది, కానీ ఇది పెట్టుబడి సలహా వ్యాసం కాబట్టి దిగమింగుతున్నాను.

నా ప్రణాళిక ఏమిటంటే, ఈ దేశంలో కామిక్స్ దాస్తున్న ప్రతి కుర్రాడి తల్లికీ ఒక ఉత్తరం రాయాలి. అమ్మా, ఫలానా తేదీన మీవాడు ఆఫీసు కాల్‌లో ఉండగా పాత పేపర్లతణ్ణి పిలవండి. ఒక్కరోజులో కొరత పుడుతుంది, మిగిలిన కాపీల రేటు రివ్వున లేస్తుంది. మావాడు ఈ ఐడియా విని ఎగిరి గంతేశాడు, వాట్సాప్‌లో తోటి కలెక్టర్లకి కూడా చెప్పాడట, వాళ్ళూ అద్భుతం అన్నారట. కాకపోతే అందరిదీ ఒకటే షరతు, మొదట మిగతావాళ్ళ అమ్మలు మొదలుపెట్టాలి. అప్ప ఎవరి కోసమూ ఆగేలా లేదు. సంక్రాంతికి బూజు దులపాలి, ఆ గది ఎప్పుడు ఖాళీ చేస్తావని నిన్న మళ్ళీ అడిగింది, కిలో ఎంతో కూడా కనుక్కునే ఉంది.