ఓటు ఎవరికన్నది తర్వాత, కాపురం ఎక్కడో చెప్పండి

ఓటరు మనసు మార్చడానికి పార్టీలు కోట్లు తగలేస్తున్నాయి. మనసు మారడం కష్టం, మారినా నిలకడ ఉండదు. దానికన్నా ఇల్లు మార్పించడం మేలు. ప్రతి పార్టీ తక్షణం ఒక 'కాపురాల విభాగం' తెరవాలని మా సూచన.

నవ్వేవాళ్ల కోసం లెక్క. అయిదు నియోజకవర్గాలు, ఒక్కోదాంట్లో వందమంది ఓటర్లు, రెండే పార్టీలు. మొదటిదానికి మొత్తం 300 ఓట్లు, రెండోదానికి 200. మొదటి పార్టీ వాళ్లు ప్రతిచోటా అరవైమంది చొప్పున సర్దుకుంటే అయిదు సీట్లూ వాళ్లవే. అదే 300 మంది రెండు చోట్ల 99 మంది చొప్పున కిక్కిరిసి, మిగతా మూడు చోట్ల 34 మంది చొప్పున ఉన్నారనుకోండి. రెండే సీట్లు! 200 ఓట్ల పార్టీ ప్రమాణ స్వీకారం చేసేస్తుంది. ఒక్కరి మనసూ మారలేదు. అసలు దానికి 200 కూడా దండగే. మూడు చోట్ల 51 చొప్పున 153 చాలు. మిగిలిన 47 మంది పోలింగ్ రోజు నిద్రపోవచ్చు.

అందుకే కంచుకోట అని మీసం మెలేసే నాయకుల్ని చూస్తే జాలేస్తుంది. లక్ష మెజారిటీతో గెలిచిన అభ్యర్థి పార్టీకి 99,999 ఓట్లు వృథా చేసినవాడు. అతనికి వేయాల్సింది దండ కాదు, ఇవ్వాల్సింది సంజాయిషీ నోటీసు.

చిన్న పార్టీలది ఇంకో జబ్బు, ఊరూరా పలచగా పరుచుకోవడం. 2015లో బ్రిటన్‌లో యూకిప్ అనే పార్టీకి 38 లక్షలకు పైగా ఓట్లొస్తే దక్కింది ఒక్క సీటు. స్కాట్లాండ్ దాటి పోటీ చేయని స్కాటిష్ నేషనల్ పార్టీ సుమారు 14.5 లక్షల ఓట్లతో 56 పట్టుకుపోయింది. 2014 లోక్‌సభ ఎన్నికల్లో బీఎస్పీ దేశంలో నాలుగు శాతం పైచిలుకు ఓట్లు తెచ్చుకుని సున్నా చుట్టింది; అంతకన్నా తక్కువ శాతంతో తమిళనాడులోనే కూడుకున్న అన్నాడీఎంకే 37 గెలిచింది. నలభై శాతం దగ్గర ఉన్నామనే ధీమా కూడా పనికిరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెలుగుదేశానికి, 2024లో వైఎస్సార్‌సీపీకి ఇంచుమించు 39 శాతమే. చాలాచోట్ల గౌరవంగా రెండో స్థానం! 175లో ముందువారికి 23, తర్వాతివారికి 11.

ఓటర్లు ఇల్లు కదలం అంటే? నియోజకవర్గాల సరిహద్దు గీత కదపండి. ఎదుటివాళ్ల ఓట్లను కొన్ని ఒకే నియోజకవర్గంలో కుక్కాలి, మిగతావి నాలుగింటికి చీల్చాలి. 1812లోనే అమెరికాలో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ హయాంలో ఈ విద్యకు 'జెర్రీమాండరింగ్' అనే పేరొచ్చింది.

ఒక్క జాగ్రత్త. అన్నిచోట్లా అత్తెసరుగా 51 సర్దిన మేస్త్రికి, చోటుకు ఇద్దరు అలిగి అవతలి పార్టీకి వేస్తే చాలు, మొత్తం సీట్లు పోతాయి. స్కాట్లాండ్‌లో 50 శాతంతో 59లో 56 గెలిచిన పార్టీయే 2024లో 30 శాతానికి జారేసరికి 57లో తొమ్మిదికి పడిపోయింది. ఓట్ల శాతంలో పోయింది అయిదింట రెండు వంతులు, సీట్లు పోయింది అయిదింట నాలుగు వంతుల పైనే.

న్యూజిలాండ్ వాళ్లు మాత్రం సరదా తెలియని మనుషులు. 1978లో, 1981లో తక్కువ ఓట్లొచ్చిన పార్టీయే ఎక్కువ సీట్లతో గద్దెనెక్కితే మనసు కష్టపెట్టుకున్నారు. 1993లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి, 1996 నుంచి పార్టీ ఓటును బట్టి సీట్లు పంచుకుంటున్నారు. మా కాపురాల విభాగం వారికి అక్కడ ఉద్యోగాలు దొరకవు.