టీడీఎస్ మీటరు గారికి ఒక నల్లా నీళ్ల మనిషి విన్నపం

అయ్యా టీడీఎస్ మీటరు గారూ,

నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో నంబరు వేసి చూపించే తమరు మా ఇంటికి వేంచేసి నాలుగేళ్లయింది. చూట్టానికి పెన్నంత ఉంటారు గానీ తమరికి జరిగే మర్యాద మా ఇంట్లో పెద్దల్లుడికి కూడా జరగదు. చుట్టాలెవరైనా వస్తే గ్లాసుడు మంచినీళ్లిస్తామా, వాళ్లు తాగే ముందు తమర్ని ముంచి చూస్తున్నారు, నంబరు తక్కువగా ఉండి నచ్చితేనే గుటక.

మా ఫ్యామిలీ గ్రూపులో ఇప్పుడు పండగ శుభాకాంక్షల కంటే తమరి ఫోటోలే ఎక్కువ. బెంగళూరు తమ్ముడు కావేరి నీళ్లంటూ 190 పెడతాడు, ముంబైలో ఉన్న పెద్దమ్మ కూతురు 70 పెట్టి కింద ఒక కళ్లజోడు ఎమోజీ పెడుతుంది (వాళ్లవి వానకి నిండే చెరువుల నీళ్లు, అందులో ఈవిడ గొప్పేంటో నాకర్థం కాదు). నాది హైదరాబాద్, 310. ఊళ్లో ఒకవైపు నాగార్జునసాగర్ నుంచి కృష్ణా, ఇంకోవైపు ఎల్లంపల్లి నుంచి గోదావరి, మధ్యలో మంజీరా, ఇన్ని నదులు మోసుకొచ్చి పోస్తుంటే గ్రూపులో మాత్రం నేను ఫెయిలైన పిల్లాడిలా కూర్చోవాలి. 2019 నవంబర్లో దేశంలో ప్రమాణాలు రాసే బీఐఎస్ వాళ్లు రాజధానుల నల్లా నీళ్లు టెస్ట్ చేస్తే ముంబై ఫస్ట్, హైదరాబాద్, భువనేశ్వర్ ఆ తర్వాత, ఢిల్లీలో తీసిన 11 శాంపిల్సూ ఫెయిల్ అని చెప్పినా వినరు. ఏం, బీఐఎస్ వాళ్లకి మీటరు లేదా అంటాడు తమ్ముడు! ఆ బీఐఎస్సే 500 దాకా నిక్షేపంగా తాగొచ్చు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా పర్లేదు అని రాసిపెట్టింది, అది మాత్రం ఎవడూ ఫార్వర్డ్ చెయ్యడు.

మా సొంతూరు గోదావరి పక్కన. వరదలప్పుడు బిందెలో నీళ్లు టీ రంగులో ఉండేవి, మా మామ్మ చిల్లగింజ తీసుకుని బిందె లోపల గరగరా అరగదీసి వదిలేసేది, పొద్దుటికి మట్టంతా అడుగున, పైన తేటగా నీళ్లు. ఆ మట్టి నీళ్లలో తమర్ని ముంచినా, తేరాక ముంచినా తమరు చూపించే నంబరులో పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే తమరికి తెలిసింది కరిగిన ఉప్పులే, అది కూడా రెండు పుల్లల మధ్య కరెంటు ఎంత పారిందో చూసి ఏదో లెక్కతో గుణించి చెప్పడమే కదా. మామ్మకైతే ఇంకో టెస్ట్ ఉండేది, కందిపప్పు ఉడికితే మంచినీళ్లు, గంటైనా గట్టిగానే ఉంటే బోరు నీళ్లు. బ్యాటరీ కూడా అక్కర్లేదు.

పోయిన వానాకాలం సంగతి గుర్తుందా? మాకు రోజు విడిచి రోజు నల్లా. నీళ్లు రాని రోజు పైపు ఖాళీ, ఎక్కడైనా పగిలుంటే పక్కనున్న మురిక్కాలవ నీళ్లు లోపలికి లాగేసుకుంటుంది. ఆ రోజు తమరు 318 చూపించారు, అంతకుముందు రోజుల్లో 310, నేను హాయిగా పట్టుకున్నాను. మా అత్తగారు బిందె మీదికి వంగి ముక్కుతో ఒక్కసారి చూసి పారబొయ్యమంది, నేను మీటరు చూపించి వాదించాను, సాయంత్రానికి మా ఫ్లోర్లో రెండిళ్లలో వాంతులు, ఒకటి మాదే. తర్వాత లైన్‌మన్ వచ్చి చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కలేవో వేశాడు, క్రిముల్ని చంపే క్లోరిన్ ఉంటే పసుపు రంగు రావాలంట, ఎంతసేపు చూసినా తెల్లగానే ఉంది. తమరు ఆ టైంలో ఎక్కడున్నారు? నా జేబులోనే, 318 చూసుకుంటూ.

ఆ మర్నాడే వాసన పట్టినట్టు ఆర్వో మిషన్ అమ్మే కుర్రాడు దిగాడు. రెండు గ్లాసులు పెట్టాడు, ఒకదాంట్లో మా నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల ఆర్వో నీళ్లు, రెండిట్లోనూ కడ్డీలు దించి స్విచ్ వేశాడు. రెండు నిమిషాల్లో మా గ్లాసు బురద గుంట, వాడిది అద్దంలా ఉంది. చూశారా సార్ మీరు తాగే విషం అన్నాడు, మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను తమర్ని వాడి గ్లాసులో ముంచాను, 24. ఆ ఉప్పులు లేకే కరెంటు పారట్లేదు, ఇనప కడ్డీ అరగట్లేదు, బురదా రావట్లేదు, అదేగా సంగతి. వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి వాడి గ్లాసులోనే వేసి మళ్లీ స్విచ్ వెయ్యమన్నాను. ఈసారి మా దాని కంటే చిక్కగా వచ్చింది బురద.

కుర్రాడు గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు, కడ్డీలు తుడుచుకుంటూ అన్నాడు: "సార్, మీరు వాడే ఉప్పు కూడా మార్చాలి సార్."

ఇట్లు,
318 తాగిన మనిషి