జోకులు వేసేవాళ్ల కామెడీ కాదది

నాటకకర్త ఆస్కార్ వైల్డ్ మాటల్ని ముక్కలుగా కోసి వాట్సాప్ స్టేటస్‌లు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట ఎవరు, ఎవరితో, ఏ బేరం మధ్యలో అన్నారో ఎవరికీ పట్టదు. ఇంగ్లీషువాళ్ల ‘కామెడీ ఆఫ్ మ్యానర్స్’ (పెద్దింటి మర్యాదల్ని ఎత్తిపొడిచే నాటకాలు) అంటే గొప్పింటివాళ్లు సోఫాల్లో కూర్చుని జోకులేసుకోవడమే అని చాలామంది అనుకోవడానికి ఇదే కారణం.

1895లో లండన్‌లో మొదటిసారి ఆడిన వైల్డ్ నాటకం ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’నే తీసుకోండి. లేడీ బ్రాక్‌నెల్ నోట్‌బుక్కూ పెన్సిలూ పట్టుకుని కూతుర్ని చేసుకుంటానన్న జాక్‌ను కూపీ లాగుతుంది. అచ్చం పెళ్లిచూపులే. సిగరెట్ తాగుతావా అంటే తాగుతానంటాడు. సంతోషం, మగాడన్నాక ఏదో ఒక వ్యాపకం ఉండాలి అంటుంది. ఆదాయమెంత? భూముల మీదా, పెట్టుబడుల మీదా? బెల్‌గ్రేవ్ స్క్వేర్‌లో 149వ నంబరు ఇల్లనగానే పెదవి విరుస్తుంది. అది ఫ్యాషన్ లేని వైపట! దాన్ని మార్చేయొచ్చులే అంటుంది. ఫ్యాషన్నా, వైపునా అని అతనడిగితే, అవసరమైతే రెండూ అని జవాబు. తీరా అతను విక్టోరియా స్టేషన్‌లో హ్యాండ్‌బ్యాగులో దొరికిన బిడ్డని తెలిసేసరికి సంబంధం కాన్సిల్. సీజన్ (లండన్ గొప్పింటివాళ్ల విందుల కాలం) ముగిసేలోగా తల్లినో తండ్రినో, కనీసం ఒకరిని సంపాదించుకోమని సలహా కూడా.

ఇందులో ఆవిడ వేసిన జోకు ఒక్కటి చూపించండి. అన్నీ మనస్ఫూర్తిగా నమ్మి అన్న మాటలే. నవ్వాల్సింది మనం. అందుకే ఆ పాత్ర వేసేవాళ్లు కళ్లెగరేసి, చప్పట్ల కోసం ఆగుతుంటే నాకు లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. (చివరికి జాక్ ఆవిడ సొంత సిస్టర్ కొడుకేనని తేలి పెళ్లి కుదురుతుంది. మన వరసల్లో అయితే అన్నాచెల్లెళ్లు, పెళ్లి అక్కడే ఆగేది!)

ఈ నాటకాల లోకంలో తప్పు చేస్తే ఫరవాలేదు, దొరికిపోతేనే పరువు పోతుంది. 1675 నాటి ‘ది కంట్రీ వైఫ్’లో హార్నర్ తనకు మగతనం పోయిందని డాక్టర్‌తో పుకారు పుట్టిస్తాడు. ఇక మొగుళ్లకు టెన్షన్ లేదు, పెళ్లాలను వాళ్లే దగ్గరుండి అప్పజెబుతారు. మొగుడు ఇవతల నిలబడి ఉండగానే లేడీ ఫిడ్జెట్ హార్నర్ గదిలోంచి పింగాణీ పాత్ర పట్టుకుని వస్తుంది. పైకి మాటలన్నీ పింగాణీ గురించే, ఒక్క బూతు ఉండదు. అయినా 1766లో నటుడు డేవిడ్ గారిక్ ఈ నాటకాన్ని ‘శుభ్రం’ చేస్తూ ఏకంగా హార్నర్ పాత్రనే తీసేశాడు. ఇంక మిగిలిందేంటి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవాడు మాత్రం షెరిడన్ రాసిన ‘ది స్కూల్ ఫర్ స్కాండల్’లో స్నేక్. లేడీ స్నీర్‌వెల్ తరఫున పత్రికలకు పుకార్లెక్కించే కిరాయి మనిషి. చివర్లో ప్లేటు ఫిరాయిస్తాడు. అబద్ధానికి మీరు బాగానే ఇచ్చారు గానీ, నిజం చెబితే రెట్టింపు ఇస్తామన్నారండీ అంటాడు ఆవిడతో. ఆ తర్వాత మిగతావాళ్లను బతిమాలుకుంటాడు: నేనో మంచిపని చేశానని బయట చెప్పకండి, చెడ్డపేరు మీద బతికేవాణ్ణి, తెలిస్తే ఉన్న స్నేహితులంతా పోతారు అని.

ఆ లండన్‌లో నిజంగానే పోతారు.