ముందు బూట్లు దులపండి!

తేళ్ల బారి నుంచి ప్రజల్ని కాపాడే కరపత్రం ఒకటి నా చేతికొచ్చింది. ఎవరు వేశారన్నది అప్రస్తుతం. ఏ ఉష్ణదేశంలో ఎవరు వేసినా అందులో ఉండేది ఇదే. మొదటి సూచన: “బూట్లు వేసుకునే ముందు బాగా దులుపుకోండి.” పక్కనే నలుపు తెలుపుల్లో బూట్ల జత బొమ్మ.

మంచి మాటే. కానీ తేలు కుట్టేది ఎవర్ని? చీకట్లో కట్టెల మోపులో చెయ్యి పెట్టేవాణ్ణి. పొలంలో రాయి పక్కకు తీసేవాణ్ణి. పగుళ్లిచ్చిన మట్టిగోడ పక్కన నేలమీద పడుకునేవాణ్ణి. వీళ్లకు బూట్లే ఉంటే మీ కరపత్రంతో పనేముంది స్వామీ?

అయినా పెద్దలు చెప్పాక వినాలి. కాబట్టి మన రైతు తెల్లవారుజామునే లేస్తాడు. లేని కుడి బూటును ఎడంచేత్తో ఎత్తి శ్రద్ధగా దులుపుతాడు. ఏమీ రాలదు. పథకం విజయవంతం. లేని ఎడమ బూటు కూడా దులిపి, వట్టి కాళ్లతో చేలోకి నడుస్తాడు.

రెండోది: మంచం గోడకు దూరంగా జరపండి. ముందు మంచమంటూ ఉండాలి, ఆ సంగతి అలా ఉంచండి. ఆ గది వెడల్పుకి ఒక గోడకు దూరం జరిగితే రెండో గోడకు దగ్గరి చుట్టమవుతాం. మూడోది: రాత్రిపూట అతినీలలోహిత టార్చి వేసి వెతకండి, తేళ్లు నీలాకుపచ్చగా మెరుస్తాయి. నిజంగానే మెరుస్తాయి, చూడముచ్చటగా ఉంటుంది కూడా. మామూలు బల్బే వెలగని ఇంట్లో ఆ మాత్రం వినోదం ఉండొద్దూ!

నాలుగోదంటే నాకు ప్రాణం. “కుట్టిన తేలు ఏ జాతిదో గుర్తించండి.”

ప్రపంచంలో 2,500కు పైగా తేలు జాతులున్నాయి. మనిషి ప్రాణం మీదికి తెచ్చేవి వాటిలో కొన్ని పదులే. ఈ విద్య తెలిసినవాళ్లు తేలును వెల్లకిలా తిప్పి, పొట్ట కింద దువ్వెనల్లాంటి అవయవాలుంటాయి, వాటి పళ్లు లెక్కపెడతారు. సరే, తేలు కుట్టిన పిల్ల తండ్రి ఆ పనిలోనే ఉన్నాడు. ఒక భుజాన గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల. చంకలో టార్చి, చేతిలో పుల్ల. “పద్దెనిమిది... పంతొమ్మిది... కదలకమ్మా, లెక్క తప్పింది.” కదలొద్దన్నది పిల్లతోనో తేలుతోనో ఆయనకే తెలియదు. మళ్లీ మొదట్నుంచి. ఎడమ దువ్వెనకు ముప్పై రెండు తేలాయి. కుడి దువ్వెనకు ముప్పై ఒకటే. తేళ్లలో ఇది మామూలే, కానీ రేపు ఫారంలో గడి ఒక్కటే ఉంటుంది. సగటు రాయాలా? ముప్పై ఒకటిన్నర పళ్ల జాతి ఏది? ఈ ధర్మసందేహం తీరేలోపు తేలు తన దారిన తాను కట్టెల్లోకి వెళ్లిపోయింది. పిల్ల ఏడుపు మానింది. ఒళ్లంతా చెమట.

ఏటా సుమారు 12 లక్షల మందిని తేళ్లు కుడుతున్నాయనీ, 3,000 మందికి పైగా చనిపోతున్నారనీ ఇద్దరు పరిశోధకులు 2008లో అంచనా కట్టారు. ఇప్పటికీ అందరూ ఆ అంకెనే వల్లె వేస్తున్నారు. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో దీనికో కోడ్ కూడా ఉంది: ఎక్స్22, ‘తేళ్లతో సంపర్కం’. సంపర్కమట! ఏదో రైల్లో పరిచయమైనట్టు. ఆ కోడ్ రాసేది ఆసుపత్రిలో. దారిలోనే పోయినవాడికి ఏ కోడూ పడదు. ఇక లెక్క ఎలా తేలుతుంది?

పాముకైతే పలుకుబడి ఉంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాకెక్కించింది. తేలును ఆ నిర్లక్ష్యాల జాబితా కూడా నిర్లక్ష్యం చేసింది. పత్రికలకెక్కాలన్నా దానికి ఒకటే దారి, వరదలో కొట్టుకురావడం. 2021 నవంబరులో ఈజిప్టులోని అస్వాన్‌లో కుండపోతకు తేళ్లు ఇళ్లలోకి చేరి 500 మందికి పైగా కుట్టాయి. లోకమంతా రెండు రోజులు ఒళ్లు జలదరించుకుంది. వాన వెలిసింది, వార్తా వెలిసిపోయింది. బ్రెజిల్ పసుపు తేలైతే మురుగుకాల్వల్లో బొద్దింకలు తింటూ, మగతోడు లేకుండానే పిల్లల్ని పెడుతుంది. కోరం లేక వాయిదా పడే కమిటీలు దానితో ఏం పోటీపడతాయి!

ఆ పిల్ల దగ్గరికి వద్దాం.

చెమటలు, వాంతులు, నోటివెంట చొంగ, మంచులా చల్లబడ్డ కాళ్లూ చేతులూ. విషం నరాల్లోకి సోడియం వెళ్లే వాకిళ్లను మూతపడనివ్వదు. ఒంట్లోని అడ్రినలిన్ ఒక్కసారిగా గుండెమీద పడుతుంది. రక్తపోటు ఎగబాకుతుంది, గుండె అలిసిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎర్రతేలు కుట్టినచోట మాత్రం వాపు పెద్దగా కనపడదు. “వాపు లేదుగా, ఇంటికి తీసుకెళ్లండి” అంటాడు డ్యూటీలో ఉన్నాయన. లేదంటే స్టెరాయిడ్ సూది ఒకటి పొడుస్తాడు. అది దీనికి పనిచేయదని ట్యునీసియాలో 1997లోనే పరీక్షించి తేల్చారు.

మందు లేకనా? మహారాష్ట్రలోని మహాడ్‌లో హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే డాక్టరు, ప్రాజోసిన్ అనే రక్తపోటు మాత్ర ఈ తుపానును ఆపుతుందని చూపించాడు. 1986లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. ఆయనకు పద్మశ్రీ వచ్చింది 2022లో. ముప్పై ఆరేళ్లు! ఆ మాత్ర పాతది, చవకది, జేబులో పడుతుంది. విషానికి విరుగుడూ ఉంది. రెండూ కలిపి ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని 2011లో తేలింది. ఇంత తెలిశాక కూడా ఒక పసిపిల్ల ఆసుపత్రి వరండాలో చస్తే, ఆ చావును తేలు ఖాతాలో రాయడానికి సిగ్గుండాలి. బీరువాలో ఆ మాత్రలున్నాయా అని అడిగి చూడండి, తేలు కుట్టిన దొంగల్లా నోళ్లు మూసుకుంటారు. దొంగనైనా నిజంగా తేలు కుట్టిందయ్యా! వీళ్లకు అదీ లేదు.

మొన్న ఆ కరపత్రం కొత్త ముద్రణ వచ్చింది. ఆత్రంగా తిరగేశాను. ప్రాజోసిన్ ఊసు లేదు. బూట్ల బొమ్మకు మాత్రం రంగులేశారు. ఈసారి లేసులు కూడా ఉన్నాయి.